గ్రంథాలయ సభలు – చరిత్ర స్మరణ: ఒక పరిశీలన

కథ మీద, నవల మీద, కవితా సంపుటి మీద విమర్శ రాయడం మనకు అలవాటు. సభ మీద విమర్శ రాసే అలవాటు లేదు. సభ జరిగింది, ఫలానావారు అధ్యక్షత వహించారు, ఫలానావారు ప్రసంగించారు, వందన సమర్పణతో ముగిసింది – ఇంతటితో దాని కథ తీరిపోతుంది. కాని సభకూ వస్తువుంటుంది, రూపముంటుంది, శ్రోత మీద ఫలితముంటుంది. అంచేత అది కూడా విమర్శకు నిలవవలసిందే. హైదరాబాదు నగరంలోని గ్రంథాలయాల్లో జరిగే సాహిత్య, చారిత్రక సభలకు ఇరవయ్యేళ్లుగా వెళ్తున్నాను. కొన్నిటికి శ్రోతగా, కొన్నిటికి వక్తగా. ఇక్కడ చెప్పబోయే లోపాల్లో నా వాటా కూడా ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను.

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి. ఆ వారంలో ఒక సాయంత్రం ఒక శాఖా గ్రంథాలయంలో సభ. విషయం: తెలంగాణలో గ్రంథాలయోద్యమం. వక్తల్లో నేనొకణ్ణి. ఆ గ్రంథాలయానికి వేరే సభామందిరం లేదు. నాలుగు గంటలకు పఠన మందిరాన్నే ఖాళీ చేయించారు. బల్లల దగ్గర కూర్చున్న నలభైమంది దాకా యువకులు, అమ్మాయిలు తమ గైడ్లూ, నోటుపుస్తకాలూ సర్దుకొని బయటికి నడిచారు. బల్లలు గోడవారకు జరిగాయి. కుర్చీలు వరసలు కట్టాయి. వేదిక మీద తెల్లగుడ్డ పరుచుకుంది.

మెట్ల మీద నా పూర్వ విద్యార్థి కనిపించాడు. పదో తరగతిలో నా దగ్గర తెలుగు చదివిన పిల్లవాడు. ఇప్పుడు గ్రూప్స్‌కు తయారవుతున్నాడు.

"నమస్తే సార్. ఇయ్యాల మీరు మాట్లాడుతున్నరా?"

"అవునురా. నువ్వూ వచ్చి కూర్చో."

"ఏమనుకోకున్రి సార్. మీ మీటింగ్ ఎన్ని గంటలకు అయిపోతది? ఎనిమిదింటికి లైబ్రరీ మూస్తరు. రూంల ఐదుగురం ఉంటం, ఆడ చదువు నడవది."

నాకు కొంచెం చిన్నతనం వేసింది. మాట మార్చడానికి, మా సభ దేని గురించో తెలుసా అని అడిగాను. "బ్యానర్ చూసిన సార్" అన్నాడు. "శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1901 సెప్టెంబర్ 1, రావిచెట్టు రంగారావు ఇంట్ల. బిట్ వస్తది." సరే, ఎందుకు పెట్టారో చెప్పు అన్నాను. "ఎందుకు అని బిట్ రాదు గద సార్" అని నవ్వాడు. నేనూ నవ్వి లోపలికి వెళ్లాను.

లోపల ఒక వక్త నిలయం 1904లో పుట్టిందన్నాడు. 1904 హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టిన ఏడు. ఎవరూ దిద్దలేదు. వేదిక మీద ఉన్నవాణ్ణి కాబట్టి మర్యాద కాదని నేనూ దిద్దలేదు. సరైన తేదీ తెలిసినవాడు మెట్ల మీద కూర్చున్నాడు.

'ఎందుకు' అన్న ప్రశ్న దగ్గరకే వద్దాం. 1901 నాటి నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారు జనాభాలో దాదాపు సగం. కచేరీ భాష ఉర్దూ, కోర్టు భాష ఉర్దూ. తరువాత 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. ఇంట్లో మాట్లాడే భాషకు వీధిలో విలువ లేదు; ఆ భాషతో ఉద్యోగం రాదు. అటువంటి రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు పూనుకొని నిలయాన్ని స్థాపించారు. రంగారావు గారు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు నిలయానికి సొంత ఇల్లు ఏర్పడటానికి విరాళమిచ్చారు. సభల్లో ఆమె పేరు తరచు జారిపోతుంది.

ఆ సంస్థ పేరును కూడా విమర్శకుడిగా చదవాలి. స్థాపకులు దాన్ని గ్రంథాలయమనలేదు, 'భాషా నిలయ'మన్నారు. నిలయమంటే ఉండే చోటు. తన రాజ్యంలో చోటు లేని భాషకు ఒక ఇల్లు కట్టి, దాని గుమ్మానికి తెలుగును ఆదరించిన పాతకాలపు రాజు పేరు తగిలించారు. హనుమకొండవారూ అదే పని చేశారు. బతికున్న రాజు ఆదరణ లేనప్పుడు గతించిన రాజుల నీడ పట్టడం ఒక వ్యూహం. అదే సమయంలో రాజాశ్రయ భావన నుంచి పూర్తిగా బయటపడలేని పరిమితి కూడా. 'ఆంధ్ర' అన్నది ఆనాడు తెలుగుకు మరో పేరు. ఇవాళ కొందరు వక్తలు ఆ మాట దగ్గర తడబడి దాటవేయడం చూశాను. తడబడనక్కర్లేదు, వివరిస్తే చాలు. శ్రోత అర్థం చేసుకోగలడు.

నిలయం వెనకే పుస్తకం వచ్చింది. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రను ప్రచురించింది. బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి జీవితం ఆ మండలి తొలి గ్రంథం కావడం యాదృచ్ఛికమని నేననుకోను. 1921 నవంబరులో నగరంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే కొందరు అల్లరి చేసి సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయాలు పెట్టడం దాని ముఖ్య కార్యక్రమాల్లో ఒకటి. సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలన్న 53వ నంబరు గస్తీ నెత్తిన ఉన్న కాలమది. సభ చేయడానికి చోటు లేని రాజ్యంలో చదువుకునే గది సభకు ప్రత్యామ్నాయమైంది. ఆ గదిలో నలుగురు కూర్చొని పత్రిక చదివితే అదే ఒక చారిత్రక సంఘటన.

ఈ కథను ఇలా చెప్పి ఊరుకుంటే అదీ సగం చరిత్రే. స్థాపకుల్లో జమీందారులున్నారు, వారి వెనక వకీళ్లు, ఉద్యోగులు ఉన్నారు. ఆ వర్గ పరిమితిని దాచడం చరిత్రకు మేలు చేయదు. విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిన 1906లోనే, ఇదే నగరంలో, భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి స్థాపించారు. 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడి తెరిచారు. చదువు కోసం ఒకే నగరంలో నడిచిన రెండు ప్రయత్నాలివి. నేను విన్న గ్రంథాలయ ప్రసంగాల్లో మొదటిది లేనిది లేదు, రెండోది ఉన్నది ఒకటో రెండో. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, పుస్తకాల మూట మోసుకుంటూ పాఠకుణ్ణి వెతుక్కుంటూ తిరిగిన వట్టికోట ఆళ్వారుస్వామి పేరు మాత్రం వినిపిస్తుంది. ఐతే ఆయన వంటపని చేసి బతికిన రోజుల గురించి ఒక కన్నీటి వాక్యం చెప్పి, ఆయన అచ్చువేసిన పుస్తకాల గురించి ఏమీ చెప్పకుండా ముగిస్తారు.

ఇక ఉర్దూ సంగతి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున నిలిచిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. తెలుగువారి సభల్లో అది నిజాం వైభవానికి గుర్తుగానో, పాతబడిన కట్టడంగానో కనిపిస్తుంది తప్ప పాఠకుల చోటుగా కనిపించదు. పాలక భాషగా ఉర్దూ చేసిన అన్యాయం వేరు, ఆ భాషలో చదువుకున్న జనం వేరు. సిటీ కాలేజీలో పాఠం చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఆ భాషలోనే నిజాం పాలనను ధిక్కరించాడు. 1945లో అఖిల భారత ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది ఈ నగరంలోనే. ఈ సంగతులు తెలుగు సభలో ఎందుకు అంటే, అవి లేకపోతే భాషా నిలయం చరిత్ర రెండు మతాల కొట్లాటగా కుంచించుకుపోతుంది. అలా కుంచింపజేయాలని చూసేవారికి ఇవాళ కొదవలేదు.

ఇప్పుడు రూపం చూద్దాం. ఆనాటి మా సభ మూడు గంటలు సాగింది. అందులో ఆహ్వానాలకు, శాలువాలకు, జ్ఞాపికలకు, ఫొటోలకు గంటకు పైగా పట్టింది. ఐదుగురు వక్తల్లో ముగ్గురం అవే పేర్లు, అవే సంవత్సరాలు చెప్పాం. చుట్టూ బీరువాల నిండా పుస్తకాలున్నాయి. ఒక్క బీరువా తాళం తీయలేదు. ఒక్కరం ఒక్క పుస్తకం చేతపట్టుకొని, ఇది ఇక్కడ ఉంది, ఇందులో ఇది ఉంది, చదవండి అనలేదు. శ్రోతల ప్రశ్నలకు వ్యవధి లేదన్నారు. వస్తువు పేర్లూ తేదీలూ, రూపం సత్కారం, ఫలితం ఖాళీ. మా ప్రసంగాలకూ, ఆ పిల్లవాడి చేతిలోని గైడుకూ తేడా ఏమిటని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. గైడులో తేదీలు సరిగా ఉన్నాయి. 'ఎందుకు' అన్నది అక్కడా లేదు, ఇక్కడా లేదు. పరీక్ష చరిత్రను బిట్లుగా కోసిందని బాధపడే మేము, అదే చరిత్రను దండలుగా కట్టాం.

ఈ మాట ఒక మిత్రుడితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "గ్రంథాలయాలను కోచింగు సెంటర్లు చేసేశారు. వాళ్లు చదివేది గైడ్లు. ఒక్క సాయంత్రం సాహిత్యం కోసం లేస్తే తప్పేమిటి?" అన్నారు. ఆయన వాదనలో కొంత నిజముంది. సొంత గైడ్లు తెచ్చుకొని కుర్చీ, ఫ్యాను, వెలుతురు మాత్రమే వాడుకొనే పాఠకుడికి బీరువాతో సంబంధం తెగిపోయింది. కాని ఆ సంబంధాన్ని తెంచింది అతనా? ఉర్దూ వస్తే తప్ప కొలువు లేదన్న బాధ 1901 నాటి కథలో భాగమైనప్పుడు, కొలువు కోసం ఇవాళ్టి ఆరాటం చరిత్రకు అంటరానిదెట్లా అవుతుంది? నీళ్లు, నిధులు, నియామకాలు అని ఉద్యమం సాగి 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. ఆ మూడో మాట మెట్ల మీద కూర్చొని ఉంది. లోపల మేము ఉద్యమ చరిత్ర చెప్పుకుంటున్నాం.

ఇంకొక మాట. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఇంటి యజమాని కట్టినా, ఐదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకున్న పిల్లలు కట్టే కిరాయిలో అదీ కలిసే ఉంటుంది. అంచేత గ్రంథాలయంలో వాళ్లు అతిథులు కారు. శాలువా కప్పించుకొని పోయే మేమే అతిథులం.

సభలు వద్దని నేననడం లేదు. సభలు లేని గ్రంథాలయం గోడౌను అవుతుంది. ఐతే కొన్ని పనులు చేయవచ్చు. చదువుకునేవారిని లేపకుండా ఆవరణలోనో, పక్క బడిలోనో సభ జరపవచ్చు. ప్రతి వక్తా ఆ గ్రంథాలయంలోని ఒక పుస్తకం తీసుకొని దాని మీద మాత్రమే మాట్లాడాలని నియమం పెట్టవచ్చు. తెలుగు వక్త పక్కన ఉర్దూ చదువరిని కూర్చోబెట్టవచ్చు. సగం సమయం ప్రశ్నలకు వదలవచ్చు. తప్పు చెప్పిన వక్తను నిలబెట్టి దిద్దే హక్కు చివరి వరసలోని పాఠకుడికి ఉండాలి. దీనికి ప్రత్యేక నిధులేమీ అక్కర్లేదు. శాలువాల ఖర్చు మిగులుతుంది కూడా.

ఆనాడు సభ ముగిసేసరికి ఏడుంబావు దాటింది. కుర్చీలు మళ్లీ బల్లల దగ్గరికి చేరేసరికి ఏడున్నర. ఆ పిల్లలకు మిగిలింది అరగంట. అందులోనూ సగంమంది అప్పటికే వెళ్లిపోయారు. నా విద్యార్థి వచ్చి తన చోట కూర్చొని పుస్తకం తెరిచాడు. భాషా నిలయం ఎందుకు పుట్టిందో అతనికి చెప్పాలని దగ్గరికి వెళ్లాను. అతను తలెత్తలేదు. మిగిలిన అరగంట కూడా నేను తీసుకోవడం న్యాయం కాదనిపించి వెనక్కు వచ్చాను. పఠన మందిరం ఖాళీ చేయించి జరిపే సభకు ఇక నేను వెళ్లను. వచ్చే ఆహ్వానానికి జవాబుగా ఈ మాటే రాస్తాను. వక్తలుగా వెళ్లే మిత్రులు కూడా దీన్ని ఆలోచించాలని కోరుతున్నాను.