మూసిన తలుపు

ఇరవై ఏండ్లయినా నిండని మార్మను యువకులు ఎందరో జంటలు జంటలుగా పరదేశాలలో రెండేండ్లపాటు ఇంటింటికీ తిరిగి మతబోధ చేస్తారు. మంచుదేశంలో వారికి గట్టి పరీక్ష చలి కాదు, మర్యాదగా మూసుకొనే తలుపు. 1955లో నోబెల్ బహుమానం పొందిన ఐస్లాండు రచయిత హాల్డోర్ లాక్స్‌నెస్ ‘పారాడీసార్‌హేమ్ట్’ (1960) నవలలో ఈ మర్మాన్ని పట్టుకొన్నాడు. ఆయన నాయకుడు స్టేనార్ యువకుడు కాడు, సంసారి అయిన రైతు. యూటాకు పోయి, మార్మనై, బోధకుడుగా స్వదేశానికి తిరిగివస్తాడు. పూర్వం మార్మను బోధకుణ్ణి కొట్టిన జనం ఇప్పుడు ఇతణ్ణి ఎదిరించనైనా ఎదిరించరు. ద్వేషంలో పట్టింపు ఉన్నది. ఔదాసీన్యంలో అదీ లేదు. చివరకు స్టేనార్ పాడుపడిన తన పొలం రాతిగోడను మళ్లీ పేర్చ మొదలుపెడతాడు. బోధ ఇయ్యలేని గౌరవాన్ని రచయిత ఆ మూగపనికి ఇచ్చినాడు.