పిన్ను మారినంత మాత్రమున

పరదేశప్రయాణమునకు పెట్టెలు సర్దుకొను ఇండ్లలో ఆవకాయ సీసా మూతకును, మందుల చీటీలకును, చలికోటులకును చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను అడాప్టరునకు చూపరు. విమానమెక్కబోవు గడియలో, విమానాశ్రయపు అంగడిలో, చేతికందినదానిని అడిగిన ధరకు కొని సంచిలో వేసికొందురు. ఐదారు నెలలు కుమార్తె యింటనో కుమారుని యింటనో ఉండబోవు తల్లిదండ్రులకు ఊరితోడి సంబంధమంతయు ఫోనులోనే యున్న ఈ కాలమున, ఆ చిన్న వస్తువును ఎన్నుకొనుట నిదానముగ కూర్చుండి చేయవలసిన పని యని నా నమ్మకము.

అడాప్టరు చేయు పని మిక్కిలి స్వల్పము. మన ప్లగ్గు పిన్నులు అన్యదేశపు సాకెట్టులో ఇముడునట్లు చేయును. వోల్టేజిని ఏమాత్రమును మార్చదు. మన యింటి గోడలో 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జులు. జపానులో 100 వోల్టులే, అందునను దేశపు తూర్పుభాగమున 50, పశ్చిమభాగమున 60 హెర్ట్జులు. కావున అంగడికి పోవుటకు ముందే ఛార్జరును తిరుగవేసి చదువవలయును. నల్లని ప్లాస్టిక్కుపై బూడిదవర్ణముతో, కళ్లజోడు పెట్టుకొన్నను అందని సూక్ష్మాక్షరములలో ఆ సంగతి ముద్రితమై యుండును. ఫోను టార్చి వెలుతురును ఏటవాలుగ పడనిచ్చినచో ‘ఇన్‌పుట్’ అను మాట ప్రక్కన 100 నుండి 240 వోల్టుల వరకు, 50/60 హెర్ట్జులు అని కానవచ్చును. ఇప్పటి ఫోను, ల్యాప్‌టాపు ఛార్జర్లు దాదాపు అన్నియు అట్టివే. వానికి పిన్ను మారిన చాలును.

ఆ పంక్తిలో 230 అని మాత్రమే యున్న వస్తువుల సంగతి వేరు. కూతురి పురిటికి పోవు తల్లి మిక్సీని చీరల నడుమ భద్రపరచి తీసికొనిపోవుట నెరుగుదును. ఆ ప్రేమ గౌరవింపదగినది. అయినను అడాప్టరు తగిలించి అమెరికాలో ఆ మిక్సీ వేసినచో మోటారు మూలుగునే గాని పప్పు నలుగదు. వోల్టేజి సగమైనపుడు వేడినిచ్చు వస్తువుల శక్తి సగము గాక నాలుగవ వంతగును; ఇక్కడ 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అక్కడ సుమారు 270 వాట్లకు దిగజారును. వోల్టేజిని పెంచు ట్రాన్స్‌ఫార్మరు కొనవచ్చును గాని అది మిక్సీని మించిన బరువు. అక్కడి విద్యుత్తునకు తగినట్లు చేసిన మన మిక్సీలే అక్కడి భారతీయ దుకాణములలో దొరకుచుండగా ఈ భారమంతయు మోయుట ఎందులకు? ఇక అక్కడి 120 వోల్టుల హెయిర్‌డ్రయ్యరును ఇక్కడికి తెచ్చి గోడకు తగిలించుట ప్రమాదమే. మూడున్నర రెట్లకు మించిన శక్తిని లాగి క్షణములలో మాడిపోవును.

నన్ను అన్నిటికంటె కలతపెట్టునది ఎర్తు పిన్ను. మన గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గు ఒకప్పుడు బ్రిటనునుండి వచ్చినదే. వారు 1947 నాటి ప్రమాణముతో నలుపలకల పిన్నులకు మారిరి, మనము పాతదానినే నిలుపుకొంటిమి. లండనునకే గాక దుబాయికి, సింగపూరునకు, మలేషియాకు పోవువారికిని ఆ నలుపలకల పిన్నులే కావలయును. ఆ సాకెట్టులో పొడవైన ఎర్తు పిన్ను ముందుగా లోనికి పోయి, కరెంటు రంధ్రములకు అడ్డముగా నున్న మూతలను తెరచును. పిల్లల వ్రేళ్లు లోనికి పోకుండ చేసిన ఆ ఏర్పాటు ఎంత తలచుకొన్నను నాకు ముచ్చటగనే యుండును. చవుక అడాప్టర్లు చేయువారు ఆ పొడవైన పిన్నును ప్లాస్టిక్కుతో చేయుదురు. మూతలు తెరచుకొనును, ఛార్జింగు ఎక్కును, ఎర్తు మాత్రముండదు. లోహపు ల్యాప్‌టాపుపై ముంజేయి ఆనించినపుడు సన్నగా జివ్వుమనుట చాలమందికి అనుభవము. దానికి తరచు ఇదియే కారణము. కావున కొనునపుడు ఆ పిన్నును గోటితో గీకి లోహమో కాదో చూడవలయును, లోపల ఫ్యూజున్నదేమో అడుగవలయును. అన్ని దేశములకును పనికివచ్చునని చెప్పు ఘనాకారపు అడాప్టర్లలో పెక్కింటికి ఎర్తు సంబంధమే యుండదు. పైగా బరువునకు సాకెట్టునుండి జారి వ్రేలాడుచుండును. పోవునది ఒక్క దేశమైనపుడు ఆ దేశపు పిన్నులు గల చిన్న అడాప్టరే మేలని నా నిశ్చితాభిప్రాయము.

ఫోనులు ఎన్నియున్నను అడాప్టర్లు అన్ని అక్కరలేదు. రెండు మూడు యూఎస్‌బీ రంధ్రములతో 65 వాట్లు ఇయ్యగల ఛార్జరొక్కటి యున్న యెడల సామాన్యమైన ల్యాప్‌టాపును ఫోనులను దానితోనే నడపవచ్చును. అడాప్టరు ఒక్కటే చాలును. పవర్‌బ్యాంకును మాత్రము చెక్‌ఇన్ పెట్టెలో పెట్టరాదు, చేతిసంచిలోనే యుంచుకొనవలయును. 20,000 ఎంఏహెచ్ గలది సుమారు 74 వాట్-అవర్లే కావున విమానసంస్థలు సాధారణముగ అనుమతించు 100 హద్దునకు లోబడియే యుండును.