పానభూమియు పూటకూటి యిల్లును

ప్రియుడును ప్రియురాలును ఒకచోట కూర్చుండి, భుజించుచు, మధువు గ్రోలుచు మాటలాడుకొనుట మన కావ్యములలో ఎచ్చట నున్నది? ప్రశ్న అల్పముగా దోచవచ్చును. కాని శృంగారమునకు రసములలో అగ్రపీఠము నిచ్చి, పుష్పాపచయము మొదలు జలక్రీడవఱకు స్త్రీపురుషుల విహారములను వర్ణించిన సాహిత్యమున ఈ దృశ్యము ఇంత యరుదుగా నుండుట విచారింపదగిన విషయమని మా యభిప్రాయము. ఇది సామగ్రి లేమిచే గలిగిన లోపము కాదు. సామగ్రి యంతయు నున్నది; అది ఒకచోట జేరలేదు.

ఓరుగల్లునే చూతము. ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమును రచించి, మహాకావ్యమున నుండవలసిన పదునెనిమిది వర్ణనములలో మధుపానమును చేర్చినాడు. అంతకు బూర్వమే దండి కావ్యాదర్శమున దానిని పేర్కొనియున్నాడు. కావున పానము కవులకు నిషిద్ధము కాదు సరికదా, విహితము. అదే యోరుగంటి వీథులలో క్రీడాభిరామము నడచును. ఆ కృతి వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదము మన కిచట నక్కఱలేదు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దానికి మూలమనియు, ఆ మూలము నేడు దొరకుట లేదనియు స్మరించిన చాలును.

మంచనశర్మయు టిట్టిభసెట్టియు నగరమెల్ల దిరిగి చూచుచుండగా లక్ష్మణవజ్ఝలవారి పూటకూటి యిల్లు ప్రసక్తికి వచ్చును. ఒక్క రూకకు అచ్చట లభించునవి: కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన యావునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఈ పట్టిక యొక పద్యమున నిమిడినది. కవి యింటివాని పేరు చెప్పినాడు, వెల చెప్పినాడు, నేయి క్రొత్తగా కాచినదని కూడ చెప్పినాడు. చంద్రోదయమునకు గాని, నాయిక కనులకు గాని మన కవులు ఇంత నిర్దిష్టత నెన్నడైన చూపిరా? అన్నమును ప్రేమించువాడే యీ పద్యము వ్రాయగలడు. పూటకూటి యిల్లు మన సాహిత్యమున నింత సజీవముగా నిలిచిన తావు మఱియొకటి మేమెఱుగము.

కాని యా విస్తళ్లముందు గూర్చుండువా రిరువురు మగమిత్రులు. శృంగారమునకు వారు వేఱొక వీథికి బోవుదురు; అచ్చట మాచల్దేవి చిత్రశాల యున్నది. ఆకలికి నొక గడప, వలపునకు నొక గడప. రెంటికిని వెల యున్నది గాని రెండును కలియవు. పూటకూటి యిల్లు బాటసారి కడుపునకై వెలసినది. ప్రియురాలిని వెంటబెట్టుకొని వచ్చి తీరికగా గూర్చుండుటకు అందు తావు లేదు. ఇది నాటి సంఘస్థితి యని యొక సమాధానము చెప్పవచ్చును. అది కొంతవఱకే సత్యము. ఏలనగా సంఘమున లేనివానిని కల్పించుటకు మన ప్రబంధకవులు వెనుదీసినవారు కారు.

ఇక మధువు. కుమారసంభవమున నష్టమసర్గమందు గంధమాదన వనదేవత తెచ్చిన మద్యమును శివుడు పార్వతికి ద్రావించును. తడబడు మాటయు, కారణము లేని చిఱునవ్వును గల యామె ముఖమును అతడు చూచుచుండుటయే యా ఘట్టమునకు బ్రాణము. అందున్నవారు ఇద్దఱే. భారవి తొమ్మిదవ సర్గమునకును, మాఘుడు పదవ సర్గమునకును వచ్చునప్పటికి పానము గుంపుపని యైనది. గంధర్వాప్సరసలు, యాదవ దంపతులు బారులు తీరుదురు. శ్లోకమునకొక జంట, జంటకొక చమత్కారము. ఎవరి ముఖమును మనకు గుర్తుండదు. విద్యానాథుని పట్టికకు సరిపడినది ఈ పద్ధతియే గాని కాళిదాసుని పద్ధతి గాదు. లక్షణము కవికి దారి చూపుటకు మాఱు పని పురమాయించినది.

భోజనమున శృంగారమును జొప్పించిన సాహసి శ్రీహర్షుడు. నైషధమున పదునాఱవ సర్గమందు దమయంతీ వివాహమునకు వచ్చిన మగపెండ్లివారికిని వడ్డించు స్త్రీలకును నడచిన సరసము ప్రసిద్ధము. చతురమే, కాని యది పంక్తిలోని యెకసక్కెము. ఒండొరుల నెఱుగనివారి నడుమ పుట్టి, విస్తరి యెత్తుటతో ముగియును. నలదమయంతులకు అందు పాలు లేదు.

మనము వెదకుచున్న దృశ్యమును వ్రాసినవాడు కవి కాడు, వాత్స్యాయనుడు. నాగరకుల గోష్ఠులలో ఉప్పనివి, పుల్లనివి, కారపువి నంజుకొనుచు మధుమైరేయాదులు సేవించుటను అతడు చెప్పినది పలువు రెఱుగుదురు. అంతకంటె విలువైనది రతావసానికము. నాయికానాయకులు మేడపై వెన్నెలలో గూర్చుందురు. పానకములు, మామిడిపండ్లు, చక్కెర కలిపిన మాదీఫలపు ముక్కలు, వారి వారి దేశమున కలవాటైనవి ముందుండును. అతడు కొఱికి చూచి, ఇది తియ్యనిది, ఇది మెత్తనిదని చెప్పుచు నామె కందించును. పిదప నరుంధతిని, ధ్రువుని, సప్తర్షులను చూపును. శాస్త్రకారుడు ఎట్టి యలంకారమును లేక చెప్పిన యీ నాలుగు వాక్యములలో దాంపత్యపు చనువు ఎంత యున్నదో! కామసూత్రమునుండి నఖక్షతదంతక్షతాదులను కొల్లలుగ దెచ్చుకొన్న మన ప్రబంధకవులు ఈ పండ్లపళ్లెమును అచ్చటనే విడిచి వచ్చినారు. మేము చదివిన ప్రసిద్ధ ప్రబంధములలో నిది మాకు గనబడలేదు. ఎంగిలి శంక దీనికి గొంత కారణము కావచ్చును. అధరపానమునకు లేని యెంగిలి మామిడిపండునకు మాత్ర మెట్లు వచ్చెనో తెలియదు.

ఈ వెలితిని బూరించినది తాంబూలము. తెలుగు కావ్యమున మధుపాత్ర చేయవలసిన పనిని బాగాలే చేయును: పెదవికి ఎఱుపు, ఊర్పునకు తావి, చేయి చాచుటకొక నెపము. మనుచరిత్రమున వరూధిని కనబడుటకు ముందే ఆమె విడెపు పరిమళము ప్రవరునకు సోకును. పెద్దన యీ కల్పనముచే సాధించినది మధువర్ణన సర్గములు సాధింపలేదు. వరూధిని యతనిని తన యింట విశ్రమింపు మన్నప్పుడు, ఇద్దఱొక పీటకడ గూర్చుండదగిన గడియ తెలుగు కావ్యమున సమీపించినది. ప్రవరుడు మధ్యాహ్నికమును దలచుకొని లేచినాడు. తాంబూలము భోజనానంతరము వేసికొనునది. వరూధిని భోజన మేమో, ఎవరితోనో పెద్దన చెప్పలేదు.