'పాత్ర', 'వేషం': సమాజశాస్త్ర ప్రాథమిక భావన – తెలుగు సాహిత్య విమర్శ

సమాజశాస్త్రం చదవడం ప్రారంభించిన విద్యార్థికి తొలి పాఠాల్లోనే పరిచయమయ్యే భావనలు సమూహం, సంస్థ, అంతస్తు, పాత్ర, సామాజికీకరణ. తెలుగు పరిశోధనలో 'సామాజిక నేపథ్యం' అనే అధ్యాయం ఎక్కువగా ఈ మాటలనే ఆధారం చేసుకొని నడుస్తుంది. అయితే నిర్వచనం చెప్పి, దాని కింద రచన నుంచి ఒక ఉదాహరణ చేర్చడంతోనే సమన్వయం పూర్తయినట్లు భావించడం పరిపాటి అయింది. ఈ పద్ధతిలో మనం కోల్పోతున్నదేమిటో 'పాత్ర' అన్న ఒక్క భావన ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు చిత్తూరు ప్రాంతానికి చెందిన రెండు ఆధారాలను స్వీకరిస్తున్నాను. ఒకటి తిరుపతి గంగజాతర. రెండవది కేశవరెడ్డి నవల 'అతడు అడవిని జయించాడు'.

రాల్ఫ్ లింటన్ 1936లో వెలువరించిన 'ద స్టడీ ఆఫ్ మాన్'లో అంతస్తును హక్కుల, బాధ్యతల సముదాయంగా, పాత్రను దాని చలనరూపంగా వివరించాడు. పుట్టుకతో వచ్చేది ఆపాదిత అంతస్తు, ప్రయత్నంతో పొందేది సాధిత అంతస్తు అన్న విభజన కూడా ఆయనదే. తెలుగులోకి వచ్చేసరికి ఒక చిక్కు ఏర్పడింది. సమాజశాస్త్రంలో 'పాత్ర' అంటే అంతస్తును బట్టి ఒక వ్యక్తి నుంచి ఇతరులు ఆశించే ప్రవర్తన. సాహిత్య విమర్శలో 'పాత్ర' అంటే రచయిత సృష్టించిన మనిషి. ఇంగ్లీషులో వేర్వేరు మాటలున్న ఈ రెండు అర్థాలూ తెలుగులో ఒకే మాటలో ఒదిగిపోయాయి. 'తల్లి పాత్ర' అన్న శీర్షిక నవలలోని ఒకానొక తల్లిని సూచిస్తుందా, తల్లి నిర్వహించవలసిన బాధ్యతను సూచిస్తుందా అన్నది స్పష్టం కాదు. ఈ అస్పష్టత వల్లనే కులం, వృత్తి, బంధుత్వం పేర్కొనగానే పాత్రచిత్రణ ముగిసిందన్న భ్రమ కలుగుతుంది.

ఈ చిక్కును గుర్తించడానికి జాతరలోని 'వేషం' తోడ్పడుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి మొదలైన వేషాలు వరుసగా సాగుతాయి. ఆడవారిని పీడించిన పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ ఈ వేషాలు ధరించిందనీ, దొరవేషంలో అతణ్ణి సంహరించిందనీ స్థానిక కథనం. అమ్మవారి వేషాలు ధరించే మిరాశి కైకాల వంశీయులది. మొక్కుకొని వేషం వేసుకొనే భక్తులు వేరు. స్త్రీవేషం ధరించే మగవారు వీరిలో ఎందరో ఉంటారు. లింటన్ విభజన ప్రకారం మొదటిది ఆపాదితమే. మరి రెండవది? మొక్కుతో వచ్చిన వేషాన్ని సాధిత అంతస్తు అనలేము. అది మొక్కు తీరేవరకే ఉంటుంది. కథలో పాలెగాణ్ణి చిక్కించుకోవడానికి అమ్మవారిని మరుగుపరచినది వేషమే. జాతరలో ఆమెను ఊరికి ప్రత్యక్షం చేసేదీ వేషమే. గోఫ్‌మన్ 1956లో ప్రతిపాదించిన నాటకరంగ ఉపమానం కూడా దీన్ని పూర్తిగా వివరించదు. జాయిస్ ఫ్లూకిగర్ 2013 నాటి గంగమ్మ అధ్యయనంలో వేషాన్ని మార్పు తెచ్చే శక్తిగా పరిగణించడం ఈ సందర్భంలో గమనార్హం.

జాతరలో మనిషి తన అంతస్తును దాటడానికి ఊరి సమ్మతి ఉంది. ఊరే లేనిచోట ఏం జరుగుతుందన్నది కేశవరెడ్డి నవల లేవనెత్తే ప్రశ్న. ఇందులోని ముసలివాడికి పేరు లేదు. అతడు పందుల కాపరి. ఇంటికి రాని పందిని వెతుకుతూ అడవికి వెళ్తాడు. 'అట్టడుగువర్గ జీవన చిత్రణ' అన్న శీర్షిక కింద అతణ్ణి చేర్చడం సులభం. కాని అతని అంతస్తును గుర్తించే ఊరు ఆ రాత్రి అడవిలో లేదు. పిల్లలు పెట్టిన పంది అతణ్ణి యజమానిగా అంగీకరించదు, దగ్గరికి రానీయదు. ఎదుటివారి గుర్తింపు లేనిదే అంతస్తు నిలవదన్న ప్రాథమిక సూత్రం ఇక్కడ నిర్వచనంగా కాక సంఘర్షణగా కనిపిస్తుంది. కాపరి అన్న సామాజిక పాత్ర తొలగినప్పుడే సాహిత్య పాత్ర పూర్తిగా మన ముందుకు వస్తుంది. ఊరు 'వాడు' అని పిలిచే మనిషిని నవల పేరు 'అతడు' అనడం కూడా యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

ఈ పరిశీలనను బట్టి సమాజశాస్త్ర భావనలు సాహిత్య విమర్శకు అనవసరమని చెప్పడం సరికాదు. లింటన్ విభజన లేకపోతే మిరాశికీ మొక్కుకీ ఉన్న భేదం ఇంత స్పష్టంగా తెలియదు. అయితే జాతర, నవల ఆ భావనకు ఉదాహరణలుగా మిగిలిపోక, దాని పరిమితులను కూడా చూపుతున్నాయి. కాబట్టి పరిశోధకుడు 'పాత్ర' అన్న మాటను ఏ అర్థంలో వాడుతున్నాడో ముందుగా తెలపాలి. నిర్వచనానికి లొంగని అంశం రచనలో ఎదురైనప్పుడు దాన్ని వదిలిపెట్టక, విశ్లేషణను అక్కడినుంచే ప్రారంభించాలి. అలా చేయని పక్షంలో సామాజిక నేపథ్య అధ్యాయంలో కులం, వృత్తి నమోదవుతాయి గాని, వాటిని మోసిన మనిషి నమోదు కాడు.