ట్రాకు ఆపి కీర్తన ఎత్తుకోండి

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే కీర్తన నెత్తిన రెండు మాటలు కనిపిస్తాయి, రాగం ఒకటి, తాళం ఒకటి. ఆనందభైరవి, ఆది. శంకరాభరణం, చాపు. చరణం ముగిసిన చోట రెండు నిలువు గీతల నడుమ పల్లవి మొదటి మాట ఉంటుంది. అక్కణ్ణుంచి మళ్లీ పల్లవి అందుకోవాలని దాని గుర్తు. మెదక్ దగ్గరి మా ఎల్దుర్తి వైపు ఊళ్లలో అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా ఆ గీతలు ఎక్కడ పడతాయో గొంతుతో చూపిస్తారు. సంగీత సభ గడప తొక్కని వాళ్లు, ఒకప్పుడు బడి గడప కూడా తొక్కనివ్వని వాళ్లు, ఆనందభైరవి ఎక్కడ జారాలో సరిగ్గా అక్కడే జారతారు. రాగం పేరు అడిగితే చెప్పలేరు, తప్పు పాడితే మాత్రం ఊరుకోరు. తెలుగునాట శాస్త్రీయ సంగీతాన్ని వాడవాడకూ చేర్చిన పుస్తకం ఇంకొకటి ఉంటే చూపించండి, చేతులు జోడిస్తాను.

దీనికి పెద్దదిక్కు పురుషోత్తమ చౌధరి. 1803లో ఒడిశా సరిహద్దున బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో, ముప్ఫై ఏళ్ల వయసులో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో పోయేదాకా సువార్త ప్రకటిస్తూనే ఉన్నాడు, రాస్తూనే ఉన్నాడు. ఆయన పేరన నూరుకు పైగా కీర్తనలు నిలిచాయి. ఇంట్లో భాష తెలుగు కాదు, అయినా ఆ తెలుగు చూడండి! యతి ఎక్కడా తప్పదు, ప్రాస కోసం మాటను మెడ పట్టి లాక్కొచ్చినట్టు ఉండదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన బాప్తిస్మం పొందేనాటికి తంజావూరు సీమలో త్యాగరాజు ఇంకా బతికే ఉన్నాడు, 1847లో గానీ పోలేదు. అంటే కీర్తన అప్పుడు పాతపెట్టెలో సరుకు కాదు, పచ్చిగా ఉన్న కళ. చౌధరి దాన్ని నేరుగా తీసుకుని క్రీస్తు కథ నింపాడు. అదే తంజావూరులో అంతకు ముందే వేదనాయగ శాస్త్రి తమిళంలో ఇలాంటి పనే చేశాడు, ఆయనకు శరభోజి మహారాజు అండ ఉంది. చౌధరికి ఏ రాజూ లేడు.

పనితనం ఎక్కడుందో చెప్పాలంటే ముందు ఇంగ్లీషు హిమ్సుల సంగతి ఎత్తాలి. దొరల వరసకు తెలుగు మాటలు కూర్చినప్పుడు లఘువు మీద రాగం సాగుతుంది, గురువు మీద తెగుతుంది. మాట కుంటుతుంది, అర్థం కోసం పుస్తకం చూడాల్సి వస్తుంది. కీర్తనలో ఆ బాధ లేదు. దీర్ఘం పడ్డచోటే స్వరం సాగుతుంది కాబట్టి మాట నోట్లో దానంతట అదే నిలబడుతుంది. చదువు రానివాడికి పది చరణాల పాట కంఠతా వచ్చిందంటే ఆ ఘనత సగం వాడి జ్ఞాపకశక్తిది, సగం రాసినవాడి గురులఘువులది.

రెండోది ఎత్తుగడ. చాలా పల్లవులు తాళం దెబ్బ మీద మొదలు కావు, దెబ్బ పడ్డాక అర అక్షరం ఆగి మొదలవుతాయి. డోలక్ వాయించేవాడు ఆ అర అక్షరం ఖాళీ వదలాలి. వదలడం వాయించడం కంటే కష్టం. మా దిక్కు ఒక పెద్దాయన ఉండేవాడు, ఎడమ చేత్తో హార్మోనియం తిత్తి నొక్కుతూ, తల కొద్దిగా వంచి, సంఘమంతా ఊపిరి పీల్చేదాకా పల్లవి ఇచ్చేవాడు కాదు. ఒకాయన ఒక వరుస అంటే సంఘం తిప్పి అంటుంది. మొదటి చరణం నిదానంగా నడుస్తుంది, మూడో చరణానికి తాళాలు చేరతాయి, చివరి పల్లవి భజనలో మాదిరి రెట్టింపు నడకలో తిరుగుతుంది. ఇన్ని కాలాలు మారినా ఎవరూ ఎవరికీ సైగ చేయరు.

మెదక్ చర్చి చూసినవాళ్లకు నేను చెప్పేది ఇంకా బాగా అర్థమవుతుంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టించి, కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేట్టు కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగులు. మాట ప్రతిధ్వనించకుండా పైకప్పులో స్పాంజి లాంటిదేదో వేశారట, మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. గుడి గోతిక్ పద్ధతిది, లోపల క్రిస్మస్ నాడు లేచేది మోహన, కాపీ, శంకరాభరణం! మా పక్కనే చేగుంట మండలంలో వడియారం ఉంది. అక్కడి పాస్టరేటు ఊళ్లు తిరిగి పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు 1968లో ఒక పుస్తకమే వేశారు. పల్లె క్రైస్తవుల బతుకును అంత శ్రద్ధగా చూసిన పుస్తకాలు తక్కువ.

చౌధరి తర్వాత కూడా తోట ఎండలేదు. 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు కీర్తనను ఇంకా సులువైన మాటల్లోకి దించారు. ఇప్పటివాళ్లలో సొంతంగా రాసి, సొంతంగా వరస కట్టి పాడే ఎ.ఆర్. స్టీవెన్సన్ లాంటివాళ్ల మీద నాకు గౌరవమే. కొత్త పాట మీద నాకు కక్ష లేదు. కక్షంతా ట్రాకు మీద.

ట్రాకు అంటే తెలుసుగా? పెన్‌డ్రైవ్‌లో వాద్యాలన్నీ ముందే మోగించి పెట్టిన సరుకు. దానికి ఒకటే వేగం. ముసలమ్మ ఊపిరి కోసం అది ఆగదు, చివరి పల్లవికి పరుగెత్తదు, అర అక్షరం వదలదు. దాని వెనక పాడేవాడు పాడటం లేదు, తరుముకుపోతున్నాడు. సంఘం నోరు మూసుకుని స్క్రీన్ చూస్తుంది. ఇక సినిమా పాట హిట్టయిన నెలకే అదే వరసలో ‘యేసయ్యా’ అని దించే ఘనులున్నారు. అడిగితే, పాతవాళ్లు వరసలు అరువు తెచ్చుకోలేదా అంటారు. తెచ్చుకున్నారు నాయనా, ‘ఛాయ’ అని పాట నెత్తిన అచ్చువేసి మరీ ఒప్పుకున్నారు. మీ వీడియో కింద ఆ ఒక్క మాట రాయండి చూద్దాం! ఫోన్లలో తిరిగే కీర్తనలకైతే రాగం లేదు, తాళం లేదు, రాసినవాడి పేరు కూడా లేదు. చౌధరి పాటకు ఎవరో కుర్రాడి ఫొటో ఉంటుంది. ఒక కూటంలో నా కళ్లముందే హార్మోనియం ముందున్న మైకు తీసి కీబోర్డుకు పెట్టారు. ఆ పెద్దమనిషి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

అయ్యగార్లకు ఒక మనవి. ఖర్చు పెద్దగా లేదు. మూలన పడ్డ హార్మోనియానికి రీడ్లు వేయించండి, డోలక్‌కు కొత్త తోలు ఎక్కించండి. నెలకు ఒక్క ఆరాధన ట్రాకు లేకుండా జరిపించండి. పాట పుస్తకం మళ్లీ అచ్చువేస్తే రాగతాళాల వరుస ఎగరగొట్టకండి. ముఖ్యంగా, డెబ్బై దాటిన అమ్మలను కూర్చోబెట్టి వాళ్ల వరసలు ఫోన్లోనే రికార్డు చేయించండి. ఒకే కీర్తనకు ఊరికో నడక ఉంది, ఏ పుస్తకంలోనూ అవి లేవు. పిల్లలకు కీబోర్డు నేర్పే మాస్టార్లూ, ‘సరిగమ’ తర్వాత నాలుగు కీర్తనలు చెప్పండి. మొదట ఆనందభైరవిది చెప్పండి, అది పట్టుబడితే తక్కినవి వాళ్లే అడుగుతారు.