వూరి ధర – కథలోకి రాని లెక్క

ఉత్తరాంధ్ర కథకు భూమి కొత్త వస్తువు కాదు. అప్పు, వడ్డీ, పెద్దమనుషుల తీర్పు, వలస – యీ దారుల్లో రైతు చేతినుంచి భూమి ఎలా జారిపోయిందో మన కథకులు విడమరచి చెప్పారు. ఇంకొక దారి వుంది. అది ధర. దాన్ని మన కథ యింకా సరిగా పట్టుకోలేదన్నది నా అభిప్రాయం.

ఎచ్చెర్లనే తీసుకుందాం. శ్రీకాకుళం పట్టణానికి దగ్గర, జాతీయ రహదారి పక్కన వున్న వూరు. ఇక్కడి ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. తర్వాత ట్రిపుల్ ఐటీ వచ్చింది. పక్కనే రణస్థలం మండలంలో పైడిభీమవరం ఫ్యాక్టరీలున్నాయి. ఆ మండలంలోని కొవ్వాడలోనే ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన వుంది. ఇలాంటివి వచ్చినచోట ముందు మారేది భూమి పేరు. పల్లం, మెట్ట, గరువు అన్న మాటలు వెనక్కిపోయి రోడ్డు బిట్టు, లేఅవుట్, ప్లాటు అన్న మాటలు ముందుకొస్తాయి. ఎకరాల్లో చెప్పే ధర గజాల్లో చెబుతారు. ఎకరానికి 4840 గజాలు. కొలత మారడం చిన్న విషయం కాదు. ఎకరం ధర చెప్పేటప్పుడు పంట లెక్కలో వుంటుంది. గజం ధరలో రోడ్డు తప్ప మరేమీ వుండదు.

దీనిమీద కథలు రాలేదని కాదు. నేను చదివిన వాటిలో ఎక్కువ ఒకే అచ్చువి: ముసలి తండ్రి, పట్నంలో వుద్యోగం చేసే కొడుకు, బేరానికొచ్చిన పొలం, చివర గట్టుమీద కన్నీరు. ఆ కన్నీరు అబద్ధమని నేననను. అది ఎవరిదని అడుగుతాను. అమ్ముకోడానికి పొలం వున్నవాడిది. కౌలుకు దున్నినవాడు, ఊడ్పులకూ కోతలకూ వెళ్ళిన ఆడకూలి ఆ గట్టుమీద కనబడరు. ధర ఎంత పెరిగినా వాళ్ళ చేతికి పైసా రాదు. పని మాత్రం పోతుంది. డి-పట్టా రైతు సంగతి మరీ విచిత్రం. అసైన్డు భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టం పేదవాడి రక్షణకే వచ్చింది. కాని రిజిస్ట్రేషను కాని భూమిని తెల్లకాగితంమీద చవగ్గా రాయించుకునేవాడికి అదే వరమైంది. 2023లో, యిరవై ఏళ్ళు దాటిన అసైన్‌మెంట్లకు హక్కులిస్తూ చట్టాన్ని సవరించేనాటికి, చేయిజారిన భూమి జారిపోయింది. జిరాయితీ గట్టుకు అటొక ధర, ఇటొక ధర ఎందుకున్నదో అడిగిన కథ నాకింకా తారసపడలేదు.

ఈ లోపం మనది మాత్రమే కాదు. ఇంగ్లండులో గోల్డ్‌స్మిత్ 1770లో 'ది డెజర్టెడ్ విలేజ్' రాసి, ధనవంతుల విలాసానికి ఖాళీ అయిన పల్లె కోసం దుఃఖించాడు. అందులో పూర్వపు పల్లె అంతా చల్లగా వుంటుంది. 1783లో జార్జ్ క్రాబ్ 'ది విలేజ్'లో ఆ చల్లదనాన్ని ప్రశ్నించి, కూలివాడి ముసలితనాన్నీ రోగాన్నీ ముందుపెట్టాడు. పల్లె స్వర్ణయుగం ప్రతి తరానికీ ముందు తరంలోనే ఎందుకు కనబడుతుందని రేమండ్ విలియమ్స్ 1973లో 'ది కంట్రీ అండ్ ది సిటీ'లో విచారించాడు. ఆ దేశంలోనే కార్న్‌వాల్ తీరపు పల్లెల్లో పట్నపు డబ్బు సెలవుల మకాం కోసం యిళ్ళు కొంటోంది. ఆ వూళ్ళో పుట్టినవాళ్ళకే యిల్లు అందడం లేదు. అక్కడ కట్టిన యిల్లు పోతోంది. ఇక్కడ యిల్లు లేవకముందే, రాళ్ళు పాతిన నాడే పొలం పోతోంది. శ్రీకాకుళం నుంచి వలసపోయిన కూలీలు హైదరాబాదులో మేడలు కట్టి, సొంతవూళ్ళో మూడు సెంట్లు కొనలేకపోవడం యీ కాలపు వైరుధ్యం.

దీన్ని రాయడానికి మనకు దారి లేకపోలేదు. యీ చుట్టుపక్కల మురపాకలోనే పుట్టిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' వుంది. అందులో అప్పల్రాముడి అప్పు విడిగా లేదు. సుందరపాలేనికి వచ్చిన రోడ్డు, బడి, వ్యాపారం – వీటి పక్కనే ఆ అప్పు పెరిగింది. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాదు. వూరు బాగుపడుతూండగానే రైతు ఎందుకు చితికిపోయాడన్నదే ప్రశ్న. సీతారాముడు కన్నకొడుకును నరికిన ముగింపుమీద ఎంతో చర్చ జరిగింది. ఆ ముగింపుకు ముందున్న లెక్కలమీద అంత జరగలేదు. ఆ కథ బలం ఆ లెక్కల్లోనే వుంది.

దళారిని దుష్టుడిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం తేలిక. ధర పెరుగుదల ఒక్క మనిషి కుట్ర కాదు. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు, కట్టిన విశ్వవిద్యాలయం సృష్టించిన విలువ కొద్దిమంది జేబులోకి చేరే పద్ధతి. గజం ధరలో ఎవరి శ్రమ వుంది, ఎవరి వాటా లేదు, బేరం కుదిరిన రోజున కౌలుదారు ఎక్కడున్నాడు – యీ ప్రశ్నలతో మన యువరచయితలు ఒక రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో పూట గడిపి చూడాలి. అక్కడ దొరికే వస్తువు గట్టుమీద దొరకదు. గజం లెక్క తెలియకుండా రాసిన పల్లెకథ, పల్లెను వదిలి వెళ్ళిపోయినవాడి కథే అవుతుంది.