గుండుకు తగ్గ కాగితం

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లండ్ జట్లు తుపాకి గురిపోటీకి దిగాయి. జట్టుకు ఆరుగురు. దూరాలు 800, 900, 1000 గజాలు. చివరికి అమెరికాకు 934 పాయింట్లు, ఐర్లండ్‌కు 931 వచ్చాయి. ఐర్లండ్ ఆటగాడొకడు పొరపాటున పక్కనున్న టార్గెట్‌ను నడిబొడ్డున కొట్టాడు. అది లెక్కలోకి రాలేదు. వచ్చి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఐరిష్ వాళ్లవి మూతిలోంచి మందు కూరే రిగ్బీ తుపాకులు. అమెరికన్లవి వెనకనుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ తుపాకులు. ఏవి మేలన్న వాదన అప్పట్లో పత్రికలకెక్కింది. కానీ రెండు రకాల తుపాకుల్లోనూ ఒక చిన్న సంగతి ఉమ్మడిగా ఉంది. వాటిలోంచి వెళ్లిన సీసపు గుండ్లకు పల్చటి కాగితం చుట్టి ఉండేది. ఆ కాగితాన్ని ఎంచుకోవడం దానికదే ఒక విద్య.

కాగితం ఎందుకు?

సీసం మెత్తని లోహం. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. వాటి మధ్య గట్లు గుండును పట్టి తిప్పితేనే అది గింగిరాలు తిరుగుతూ సూటిగా పోతుంది. నల్ల తుపాకిమందు అంటుకోగానే వెనకనుంచి వేడి వాయువు తోస్తుంది, పక్కలనుంచి ఉక్కు రాసుకుంటుంది. ఒట్టి సీసమైతే కొంత కరిగి, కొంత అరిగి గాడుల్లో పేరుకుంటుంది. నాలుగు గుండ్లు పోయేసరికి గురి చెదురుతుంది. దీనికి రెండు విరుగుళ్లు కనిపెట్టారు. ఒకటి, గుండు ఒంటికి గీతలు పెట్టి మైనం, కొవ్వు కలిపిన జిడ్డు నింపడం. రెండోది, నున్నటి గుండుకు కాగితం చుట్టడం. కాగితం ఉంటే సీసం ఉక్కును తాకదు. గట్లు కాగితం మీదుగానే గుండును పట్టుకుంటాయి. గొట్టం మూతి దాటగానే కాగితం ముక్కలై రాలిపోవాలి, గుండు ఒంటరిగా సాగిపోవాలి.

అంటే ఈ కాగితం మీద పెట్టిన షరతులు ఒకదానితో ఒకటి పొసగవు. గొట్టంలో ఉన్నంతసేపు చిరగకూడదు. బయటపడ్డాక అంటుకుని ఉండకూడదు. చుట్టేటప్పుడు తడిస్తే చివికిపోకూడదు. ఆరాక బిగుసుకోవాలి. దుకాణంలో దొరికే ప్రతి కాగితమూ వీటికి తట్టుకోలేదు.

వెయ్యో వంతుల లెక్క

మొదటి పరీక్ష మందం. 45 క్యాలిబర్ రైఫిల్‌నే తీసుకుందాం. గట్టు నుంచి గట్టుకు గొట్టం వెడల్పు 0.450 అంగుళం. గాడి నుంచి గాడికి 0.458. గట్ల కొలతకు సరిపోయే గుండు కావాలంటే పాతకాలం పద్ధతిలో 0.442 అంగుళం గుండు పోసుకుంటారు. దానికి కాగితం రెండు చుట్లు వేస్తారు. రెండు చుట్లంటే అటు రెండు పొరలు, ఇటు రెండు, మొత్తం నాలుగు. కాగితం మందం అంగుళంలో వెయ్యో వంతులు రెండైతే నాలుగు పొరలకు ఎనిమిది. 0.442కు 0.008 కలిపితే సరిగ్గా 0.450. గుండు గొట్టంలోకి వేలితో తోస్తే జారేంత వదులుగానూ, ఊగనంత బిగుతుగానూ కూర్చుంటుంది.

అదే కాగితం మందం వెయ్యో వంతులు మూడైతే గుండు 0.454కు చేరి గొట్టంలో దిగనని మొరాయిస్తుంది. ఒకటిన్నరైతే 0.448 దగ్గరే ఆగి వదులవుతుంది. మనం రోజూ వాడే జిరాక్స్ కాగితం దాదాపు నాలుగు వెయ్యో వంతులుంటుంది, కాబట్టి ఈ గుండు విషయంలో దాని మాటే ఎత్తనక్కర్లేదు. అందుకే ఈ పని చేసేవాళ్లు కాగితం కొనేముందు మైక్రోమీటర్ తీస్తారు. ప్యాకెట్ మీద రాసిన బరువును నమ్మరు. ఒకే బరువున్న రెండు కాగితాల్లో ఒకటి బాగా నొక్కి పల్చన చేసినదీ, మరొకటి పొంగినట్టు వదులుగా ఉన్నదీ కావచ్చు.

గుడ్డ కాగితం, గుజ్జు కాగితం

రెండో పరీక్ష పీచు. పందొమ్మిదో శతాబ్దంలో మంచి కాగితం పాత నూలు, నార గుడ్డల నుంచే వచ్చేది. పొడవాటి పత్తి పీచు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటుంది కనుక తడిసినా తెగదు. మన రూపాయి నోటు కూడా పత్తి కాగితమే. చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో పడినా బతికి బయటపడటానికి కారణం ఆ పీచే. కర్రగుజ్జు కాగితంలో పీచు పొట్టిది. పైగా తెల్లగా, నున్నగా కనబడాలని సుద్దపొడి, బంకమట్టిలాంటివి కలుపుతారు. తడిపి లాగితే మధ్యకు తెగుతుంది. అందుకే తెలిసినవాళ్లు నూరు శాతం పత్తి కాగితాన్ని, లేదా టైపురైటర్ రోజుల్లో కార్బన్ కాపీలకు వాడిన ఉల్లిపొరలాంటి పల్చటి కాగితాన్ని వెతుక్కుంటారు. ఆ ఉల్లిపొర కాగితాల్లో కొన్నింటిలో పాతిక శాతం పత్తి ఉండేది.

మూడోది పీచు వాలు. మిల్లు కాగితంలో పీచు ఎక్కువ భాగం ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటుంది. కాగితాన్ని రెండు వైపులా చింపి చూడండి. ఒక వైపు చీలిక తిన్నగా పోతుంది, పీచు వాలు అటే. రెండో వైపు వంకరటింకరగా చిరుగుతుంది. తడిస్తే కాగితం పీచుకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, ఆరితే అటే ఎక్కువ ముడుచుకుంటుంది. కాబట్టి పీచు గుండు పొడవునా వచ్చేట్టు కోసుకుంటే, ఆరేటప్పుడు పడే బిగింపంతా గుండు చుట్టూ వస్తుంది. జిగురు అవసరం రాదు.

చుట్టే చెయ్యి

ముక్క ఆకారం దీర్ఘచతురస్రం కాదు. రెండు చివర్లూ ఏటవాలుగా కోసిన పట్టీ. రేకుతో చేసిన అచ్చు పెట్టి పదునైన బ్లేడుతో కోస్తారు. 0.442 గుండుకు పట్టీ పొడవు దాదాపు 2.8 అంగుళాలు. వెంట్రుకవాసి ఎక్కువైతే అంచు మీద అంచు ఎక్కి ఆ చోట ఉబ్బు వస్తుంది. తక్కువైతే సందు పడి సీసం బయటపడుతుంది. ఏటవాలు కోత వల్ల అతుకు గుండు చుట్టూ మెలికలా పోతుంది, ఒకే గీతలో ఉండదు.

పట్టీని నీళ్లలో ముంచి, బొట్లు కారకుండా అద్ది, చదునైన పలక మీద పరుస్తారు. గుండును వంకర లేకుండా పెట్టి, ఏటవాలు కొసను బొటనవేలితో అదిమి, లాగి పట్టి దొర్లిస్తారు. కాగితం అడుగున కొంచెం మిగలాలి. ఆ మిగులును అడుక్కి మడిచి, లేదా తోకలా మెలిపెట్టి అతుకుతారు. ఆరాక గుండును వేళ్ల మధ్య తిప్పి చూస్తారు. ఎక్కడైనా మడత తగిలితే ఆ పట్టీ విప్పేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

తీర్పు తుపాకి ముందు నేల మీద దొరుకుతుంది. పేల్చాక నాలుగు అడుగులు ముందుకెళ్లి వంగి చూస్తే చిన్నచిన్న కాగితపు పేలికలు కనబడాలి. గాడుల లెక్కన చీలి, అంచులు శుభ్రంగా ఉంటే కాగితం సరైనది. ఉంగరంలా పూర్తి చుట్టు దొరికిందంటే అది సమయానికి విడిపోలేదు. అంచులు మాడి కనిపిస్తే వాయువు పక్కనుంచి దూరిందని అర్థం.

బారక్‌పూర్‌లో కాగితం

కాగితం గురించి ఇంత చాదస్తమా అనుకునేవాళ్లు 1857ను గుర్తుచేసుకోవాలి. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలో కూడా గుండు కాగితం చుట్టుకునే గొట్టంలోకి దిగేది. ఆవు, పంది కొవ్వు కథ అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది, ఆ ఏడాది ఫిబ్రవరిలో బారక్‌పూర్‌లో జరిగిన విచారణ. అక్కడ సిపాయిల అనుమానం పూసిన జిడ్డు మీద మాత్రమే కాదు, కాగితం మీద కూడా. అంతవరకు వాడినదానికంటే ఇది గట్టిగా, మెరుపుగా ఉందని, చింపితే బట్టలా చిరుగుతోందని, కాలిస్తే కొవ్వు వాసన వస్తోందని చెప్పారు. రసాయన పరీక్షలో కాగితంలో కొవ్వు లేదని తేలినా నమ్మకం తిరిగి రాలేదు. మార్చి 29న మంగళ్ పాండే తిరగబడింది బారక్‌పూర్‌లోనే.

1880ల్లో స్విట్జర్లండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ గుండుకు రాగి తొడుగు వేశాడు. పొగలేని మందు వచ్చి వేగం పెరిగింది. సైన్యాల్లో కాగితం పని ముగిసింది. నల్ల తుపాకిమందు రైఫిళ్ల పోటీలు నడిచే చోట్ల, ముఖ్యంగా అమెరికాలో, కొందరు మాత్రం ఇంకా పట్టీలు కోసుకుంటూనే ఉన్నారు. 1990లో వచ్చిన ‘క్విగ్లీ డౌన్ అండర్’ సినిమాలో కథానాయకుడు గర్వంగా వర్ణించేది కూడా కాగితం చుట్టిన గుండునే.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకీ, తూటాకీ, వాటి తయారీకీ లైసెన్సు కావాలి. కాబట్టి ఇది మనలో చాలామంది చేసి చూసే విద్య కాదు. కాని పీచు, మందం, వాలు చూసి కాగితాన్ని గుర్తుపట్టే ఆ చేతి తెలివి పుస్తకాలు కుట్టేవారికీ, పాత పత్రాలు బాగుచేసేవారికీ పనికొస్తుంది. టైపురైటర్లతో పాటు ఉల్లిపొర కాగితమూ మార్కెట్‌లోంచి దాదాపు వెళ్లిపోయింది. మీ ఇంట్లో, ఆఫీసు బీరువాలో పాత కట్ట ఏదైనా మిగిలి ఉంటే చిత్తుకాగితాల వాడికి తూకానికి వేయకండి.